డోడో పోయింది... అడవి మిగిలింది!

మారిషస్ అనగానే తెల్లటి ఇసుక, నీలి సముద్రం, చేతులు పట్టుకు నడిచే కొత్త జంటలు గుర్తొస్తాయి. నిజమే, అవన్నీ ఉన్నాయి. కానీ సముద్రానికి వీపు తిప్పి ఓ గంట కొండ ఎక్కితే మరో మారిషస్ ఎదురవుతుంది. ఒకప్పుడు చేజేతులా పోగొట్టుకుని, ఇప్పుడు ఒక్కో గుడ్డునూ ఒక్కో మొక్కనూ ఏరుకుంటూ తిరిగి కూడగట్టుకుంటున్న దీవి అది. ఆ పచ్చటి లోకంలోకి వెళ్లొద్దాం రండి!

గులాబీ రంగు పావురాన్ని ఎప్పుడైనా చూశారా? తల, మెడ, పొట్ట... అన్నీ లేత గులాబీ. రెక్కలు గోధుమ రంగు. తోక ఎర్రమట్టి ఛాయ. గుడి గోపురాల మీద వాలే మన పావురం కన్నా కాస్త పెద్దది. ప్రపంచం మొత్తమ్మీద ఈ పక్షి అడవిలో స్వేచ్ఛగా ఎగిరేది ఒకే ఒక్క దేశంలో... మారిషస్‌లో. 1990 ప్రాంతంలో అక్కడి అడవిలో మిగిలినవి పదికి అటూ ఇటుగా. ఇప్పుడు నాలుగు వందలకు పైనే!

ఆ పదికీ, ఈ నాలుగు వందలకీ మధ్య జరిగిందే అసలు మారిషస్ కథ. హోటల్ బ్రోషర్లలో కనిపించనిదీ, ఆ దీవికి వెళ్లినవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినదీ అదే.

నిప్పులోంచి పుట్టిన పచ్చదనం

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన, చుట్టుపక్కల పెద్ద నేలంటూ లేని చోట ఉంటుంది మారిషస్. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. మన జిల్లాల్లో చాలావాటికంటే చిన్నది. సుమారు ఎనభై లక్షల ఏళ్ల కిందట సముద్ర గర్భంలోంచి అగ్నిపర్వతం పైకి లేచి ఈ దీవిగా మారింది. లావా చల్లబడి నల్లరాయి అయింది. రాయి కరిగి మట్టయింది. గాలిలో, నీటిలో, పక్షుల కడుపుల్లో కొట్టుకొచ్చిన విత్తనాలు ఆ మట్టిలో మొలిచాయి. ఎక్కడినుంచో వచ్చినవే అయినా లక్షల ఏళ్లు ఒంటరిగా పెరిగేసరికి పూర్తిగా వేరే జాతులుగా మారిపోయాయి. మరెక్కడా కనిపించని చెట్లూ పక్షులూ బల్లులూ ఇక్కడ ఉండటానికి కారణం అదే.

పుట్టుక నాటి ఆనవాళ్లు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు కనిపిస్తాయి. దీవి నడిబొడ్డున ఉండే క్యూర్‌పిప్ పట్టణం పక్కనే ‘ట్రూ ఓ సెర్ఫ్’ అనే అగ్నిపర్వత బిలం ఉంది. మూడు వందల మీటర్లకు పైగా వెడల్పు. ఒకప్పుడు నిప్పులు కక్కిన ఆ గుంటలో ఇప్పుడు చెట్లు దట్టంగా పెరిగాయి, అడుగున కొద్దిగా నీరు. అంచు చుట్టూ వేసిన దారిలో స్థానికులు పొద్దున్నే నడకకు వస్తారు. మంచు తొలగిన రోజున అక్కడ నిలబడితే దీవిలోని కొండలు, చెరకు తోటలు, వాటి వెనక సముద్రం వరసగా కనిపిస్తాయి.

అలాంటి మరో బిలంలో నీరు నిండితే ఏర్పడిన సరస్సే ‘గ్రాండ్ బాసిన్’. మారిషస్ హిందువులకు అది గంగా తలావ్. 1972లో మన గంగానది నీళ్లు తెచ్చి ఇందులో కలిపారు. సముద్రమట్టానికి దాదాపు 1800 అడుగుల ఎత్తులో, కొండల మధ్య ఉన్న ఈ సరస్సు ఒడ్డున 108 అడుగుల శివుడి విగ్రహం నిలబడి ఉంటుంది. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ లక్షల మంది కావళ్లు భుజాన వేసుకుని నడిచి వస్తారు. మిగతా రోజుల్లో మాత్రం అక్కడ వినిపించేది గాలి, గుడి గంట... అంతే.

డోడో ఎలా పోయింది?

1598లో డచ్చి నావికులు అడుగుపెట్టేనాటికి ఈ దీవిలో మనుషులు లేరు. తీరం నుంచి కొండ కొన దాకా అడవే. నేల మీద మేసే పెద్ద జంతువులంటే రాకాసి తాబేళ్లు మాత్రమే. వేటాడే మృగం ఒక్కటీ లేదు. భయపడాల్సిన అవసరమే లేకపోవడంతో పావురం జాతి పక్షి ఒకటి ఎగరడం మానేసి, పది కిలోలకు పైగా బరువు పెరిగి, నేల మీదే గూడు పెట్టుకుని హాయిగా బతికింది. అదే డోడో.

నావికులు చంపి తినేశారు కాబట్టే డోడో అంతరించిందని చాలామంది అనుకుంటారు. అసలు దెబ్బ వాళ్ల ఓడల్లోంచి దిగిన ఎలుకలు, పందులు, కోతుల వల్ల తగిలింది. నేల మీద ఉన్న గుడ్లను అవి బతకనివ్వలేదు. డోడోను చివరిసారి చూసినట్లు ఎక్కువమంది అంగీకరించే ఆధారం 1662 నాటిది. అంటే మనిషి కాలు పెట్టాక అది బతికింది డెబ్భై ఏళ్లు కూడా కాదు!

డోడో దగ్గరి చుట్టం ఇప్పటికీ బతికే ఉంది. అదీ మన దేశంలోనే! డీఎన్ఏ పరీక్షల్లో డోడోకు అతి దగ్గరి బంధువుగా తేలింది నికోబార్ పావురం. మన అండమాన్ నికోబార్ దీవుల్లో కనిపించే, ఆకుపచ్చగా మెరిసే పక్షి అది.

డోడోతో పాటే అడవీ తరిగింది. డచ్చివారికి ఇక్కడ కంటపడిన బంగారం నల్లచేవ చెట్టు, అంటే ఎబోనీ. మన అడవుల్లో బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు కూడా ఈ కుటుంబానిదే. నల్లగా నిగనిగలాడే ఆ కలపను నరికి యూరప్‌కు ఓడలకెత్తారు. 1639లో జావా నుంచి జింకల్నీ, చెరకునూ తెచ్చారు. వాళ్ల తరవాత ఫ్రెంచివారు, 1810 నుంచి ఆంగ్లేయులు... ఎవరు పాలించినా చెరకు తోటలు పెరుగుతూనే పోయాయి, అడవి కొండలపైకి జరుగుతూనే పోయింది. ఇప్పుడు దీవిలో మంచి స్థితిలో మిగిలిన ఆనాటి అడవి రెండు శాతం లోపే!

ఆ చెరకు తోటల్లో తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. 1834 నుంచి దాదాపు ఎనిమిది దశాబ్దాల పాటు నాలుగున్నర లక్షల మంది భారతీయులను కూలి ఒప్పందాల మీద ఇక్కడికి తీసుకొచ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. చేలలోని నల్లరాళ్లను వాళ్లంతా ఒట్టి చేతులతో ఏరి కుప్పలు పోశారు. చెరకు మధ్య గుట్టల్లా కనిపించే ఆ రాళ్ల కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల వారసులు ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతటా సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా మారిషస్‌లోనే. వలస కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవులోని మెట్లను ‘ఆప్రవాసీ ఘాట్’ పేరుతో 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అడవి చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లు ముందు ఆ మెట్ల దగ్గర ఓ నిమిషం ఆగడం మంచిది.

నల్ల నది లోయల్లో...

మిగిలిన అడవిలో ఎక్కువ భాగం నైరుతి కొండల్లో ఉంది. దాన్ని 1994లో ‘బ్లాక్ రివర్ గార్జెస్’ జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం 65 చదరపు కిలోమీటర్లకు పైనే. దీవిలోకెల్లా ఎత్తయిన శిఖరం, 828 మీటర్ల ‘పిటోన్ ద లా పెటిట్ రివియేర్ న్వార్’ కూడా ఈ పక్కనే.

పైనుంచి లోయను చూడాలంటే ప్రధాన రోడ్డు పక్కనే ఉన్న వ్యూ పాయింట్ చాలు. లోతైన లోయ, అవతలి గోడ మీదుగా సన్నగా జారే జలపాతం, దూరంగా నీలి గీతలా సముద్రం. తోక పొడుగ్గా ఉండే తెల్లటి సముద్రపు పక్షులు లోయలో గింగిరాలు కొడుతుంటాయి. పిల్లలూ పెద్దవాళ్లూ అందరూ కలిసి చూడగలిగే చోటిది.

నడవగలిగినవాళ్లకు మాత్రం అసలు అందం లోపల ఉంది. కొండపైనున్న పెట్రిన్ దగ్గర మొదలై మకాబే అడవి మీదుగా పడమటి లోయలోకి దిగే దారి పది కిలోమీటర్ల పైచిలుకు. మొదట్లో చదునుగా, మధ్యలో నిటారుగా దిగుడు. ఒంటికి నాచు పట్టిన చెట్లు, కొమ్మల మీద ఆర్కిడ్లు, చెట్లంత పెరిగే ఫెర్న్ మొక్కలు. చెట్లు మరీ ఎత్తుగా ఉండవు. ఏటా వచ్చే తుపాన్లకు తట్టుకోవాలంటే పొట్టిగా, గట్టిగా ఉండాలని వాటికి తెలుసు!

దారి పక్కన ఎర్రటి చిన్న పండ్లతో పొదలు కనిపిస్తాయి. అది చైనా జామ. పులుపూ తీపీ కలిసిన ఆ పండు కోసం సీజన్లో స్థానిక కుటుంబాలు సంచులతో వస్తాయి, ఉప్పూ కారం అద్దుకుని తింటాయి. నోరూరించే ఆ పండే ఈ అడవికి పెద్ద శత్రువు. బ్రెజిల్ నుంచి వచ్చిన ఆ మొక్క గుబురుగా అల్లుకుపోయి స్థానిక చెట్ల విత్తనాలను మొలకెత్తనివ్వదు. కోతులూ పక్షులూ పండు తిని విత్తనాన్ని అడవంతా చల్లుతాయి. అందుకే ఉద్యానంలో కొన్ని భాగాలకు కంచె కట్టి, పందులూ జింకలూ రాకుండా చేసి, చైనా జామను చేత్తో పీకేస్తుంటారు. అలా శుభ్రం చేసిన చోట పాత చెట్ల మొలకలు మళ్లీ పైకి వస్తాయి. ఎకరం ఎకరం చొప్పున జరుగుతున్న పని ఇది.

మన చుట్టాలు కూడా అక్కడ కొంత చేటు చేస్తున్నాయి. మన గోరింక, మన పిగిలిపిట్ట, మన ముంగిస, మన రామచిలుక... అన్నీ మనుషులు తీసుకెళ్లి వదిలినవే. ఎలుకల్ని పడుతుందని తెచ్చిన ముంగిస పక్షుల గుడ్ల మీద పడింది. మన చిలుక అక్కడి ‘ఎకో’ చిలుకతో గూళ్ల కోసం పోటీకి దిగింది. పెరట్లో ముద్దొచ్చే పిట్టే మరోచోట ముప్పవుతుందని మారిషస్ వెళితే తెలుస్తుంది.

నాలుగే డేగలు!

1974లో మారిషస్ డేగల్ని లెక్కపెడితే తేలినవి నాలుగు. ప్రపంచంలో అంతకన్నా అరుదైన పక్షి లేదన్నారు. అడవులు తరిగిపోవడం ఒక కారణమైతే, మలేరియా దోమల కోసం చల్లిన డీడీటీ మరో కారణం. మందు పురుగుల్లోకి, పురుగుల్ని తిన్న బల్లుల్లోకి, బల్లుల్ని తిన్న డేగల్లోకి చేరింది. గుడ్ల పెంకులు పల్చబడి పగిలిపోయాయి.

1979లో వేల్స్ నుంచి కార్ల్ జోన్స్ అనే యువ జీవశాస్త్రవేత్త ఈ దీవికి వచ్చారు. డేగల్ని కాపాడే ఆ కార్యక్రమం ఫలించేలా లేదనీ, దాన్ని ముగించే పని చూడమనీ ఆయనకు చెప్పి పంపారు. ఆయన మాత్రం కొండ చరియలెక్కి గూళ్లలోంచి గుడ్లు తెచ్చారు. మొదటి గుడ్లు పోతే తల్లి డేగ మళ్లీ పెడుతుంది. తెచ్చిన వాటిని యంత్రంలో పొదిగించి, పిల్లలకు నోటికి మాంసం ముక్కలు అందించి పెంచారు. అడవిలో ఉన్న జంటలకు అదనంగా తిండి పెట్టారు. చెట్లకు గూటి పెట్టెలు కట్టారు. పెరిగిన పిల్లల్ని అడవిలో వదిలారు. ప్రఖ్యాత రచయిత, జంతు ప్రేమికుడు జెరాల్డ్ డరెల్ స్థాపించిన సంస్థ ఈ పనికి అండగా నిలిచింది. 1984లో ఏర్పడిన మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్, ప్రభుత్వ విభాగాలు చేయి కలిపాయి.

నాలుగు డేగలు వందలయ్యాయి. గులాబీ పావురాలూ ఈ బాటలోనే పెరిగాయి. ఇరవై లోపే మిగిలిన ఎకో చిలుకలు ఏడు వందలు దాటాయి. 2018లో పావురాన్నీ, 2019లో చిలుకనూ అంతర్జాతీయ సంస్థలు ప్రమాద జాబితాలో ఓ మెట్టు కిందికి దించాయి. దించడం అంటే ఇక్కడ శుభవార్తే!

అయితే ఇది ‘శుభం’ కార్డు పడిపోయిన సినిమా కాదు. డేగల సంఖ్య మళ్లీ తగ్గుముఖం పట్టడంతో 2014లో వాటిని ప్రమాద జాబితాలో ఒక మెట్టు పైకి ఎక్కించాల్సి వచ్చింది. పావురాలకు ఇప్పటికీ గింజలు పెట్టాలి, వాటి చుట్టుపక్కల ఎలుకల్ని పట్టాలి. మనిషి చేయి తీసేస్తే మళ్లీ మొదటికే. దీవికే చెందిన పండ్ల గబ్బిలాలదీ కష్టమే. లిచీ, మామిడి తోటలను పాడుచేస్తున్నాయంటూ 2015 నుంచి పలుమార్లు ప్రభుత్వమే వేల గబ్బిలాలను చంపించింది. స్థానిక చెట్ల విత్తనాలను దూరదూరాలకు మోసేవి అవేనంటూ ప్రకృతి ప్రేమికులు గట్టిగా అడ్డుపడ్డారు. రైతు బాధ ఒకవైపు, అడవి బతుకు మరోవైపు. పొలాల మీద అడవిపందులు పడే మన పల్లెలకు ఈ గొడవ కొత్తదేం కాదు.

ఏడు రంగుల నేల

నల్ల నది లోయల నుంచి నైరుతిగా దిగితే షమరెల్ గ్రామం. చుట్టూ కాఫీ తోటలు, చెరకు. అక్కడ ఒక చిన్న మైదానంలో నేల గడ్డి కూడా మొలవని దిబ్బలుగా ఉంటుంది. ఎరుపు, గోధుమ, ఊదా, వంకాయ రంగు, నీలం, ఆకుపచ్చ ఛాయ, పసుపు... ఎవరో పెద్ద ముగ్గు వేసి చెరిపినట్లు! లావా రాయి లక్షల ఏళ్లు వానకు నాని బంకమట్టిగా మారింది. నీటిలో కరిగేవన్నీ కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఆ రంగులన్నీ వాటివే. మట్టిని తొక్కనివ్వరు, చుట్టూ కట్టిన చెక్క కంచె వెనక నుంచి చూడాలి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రంగులు బాగా తేలతాయి.

దారిలోనే షమరెల్ జలపాతం. 80 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పచ్చటి గోడల మధ్య ఒకే ధారగా పడుతుంది. వానలు పడ్డ మర్నాడైతే హోరు ముందే వినిపిస్తుంది.

ఇంకా దిగితే సముద్రంలోకి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం, దాని మీద నిటారు రాతి కొండ... లె మోర్న్ బ్రబాన్. ఎత్తు 556 మీటర్లు. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో దాని కథ అంత బరువైనది. తోటల్లోంచి పారిపోయిన ఆఫ్రికన్ బానిసలు ఈ కొండ గుహల్లో తలదాచుకునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండెక్కితే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు కొండ మీంచి దూకేశారని తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మారిషస్ జాతీయ పుష్పం ‘బూక్ల్ దొరే’ సహజంగా పూసేది ఈ కొండ మీదే. ఆ పేరుకు అర్థం చెవి జూకా. ఎర్రగా కిందికి వేలాడే పువ్వును చూస్తే పేరెందుకు పెట్టారో చెప్పక్కర్లేదు.

హెలికాప్టర్ నుంచి తీసిన ఫొటోల్లో లె మోర్న్ దగ్గర సముద్రం లోపల జలపాతం పడుతున్నట్లు కనిపిస్తుంది. అదంతా కనికట్టు. లోతు తక్కువ నీటి అడుగున ఉన్న ఇసుకను ప్రవాహాలు లోతైన సముద్రంలోకి తోసుకెళుతుంటే అలా అనిపిస్తుంది. ఒడ్డున నిలబడితే కనిపించదు.

తాబేళ్లే తోటమాలులు!

మొత్తం ప్రయాణంలో ఒకే ఒక్క చోటుకు సమయం ఉందంటే ‘ఇల్ ఓ జెగ్రెత్’ చూడమనే అంటారు తెలిసినవాళ్లు. ఆగ్నేయ తీరంలో మహేబూర్ పట్టణం దగ్గర, ఒడ్డు నుంచి కిలోమీటరు కూడా దూరం లేని బుల్లి దీవి ఇది. 26 హెక్టార్లు. పడవలో కొద్ది నిమిషాలు. గైడ్ లేకుండా అడుగుపెట్టనివ్వరు.

ఒకప్పుడు తీరమంతటా ఉండి, ఇప్పుడు మాయమైన ఎబోనీ అడవి తునక ఇక్కడ మిగిలింది. దాన్నీ కట్టెల కోసం చాలావరకు నరికేశారు. ఎలుకల్ని నిర్మూలించి, పరాయి మొక్కల్ని పీకి, స్థానిక మొక్కల్ని నర్సరీలో పెంచి నాటారు. గులాబీ పావురాలను తెచ్చి వదిలారు. అదృష్టముంటే కాలిబాట పక్కనే కొమ్మ మీద కనిపిస్తాయి. జానెడు పైన పొడవుండే నలికిరి జాతి బల్లులు ఎండుటాకుల్లో సరసరా తిరుగుతాయి.

ఇక్కడి హీరోలు మాత్రం తాబేళ్లు. మారిషస్‌కు సొంతమైన రాకాసి తాబేళ్లు రెండు జాతులుండేవి. ఓడలవాళ్ల ఆకలికి రెండూ అంతరించాయి. పెద్ద పండ్లు తిని విత్తనాలు చల్లే జంతువు లేకపోవడంతో ఎబోనీ పండ్లు చెట్టు కిందే రాలి మగ్గిపోయేవి. అందుకని 2000 సంవత్సరం నుంచి హిందూ మహాసముద్రంలోనే ఉన్న అల్దాబ్రా జాతి తాబేళ్లను ఇక్కడికి తెచ్చారు. అవి పండ్లు తిని, నెమ్మదిగా నడుస్తూ, విత్తనాలను దూరంగా వదిలాయి. తాబేలు కడుపులోంచి వచ్చిన విత్తనాలు మామూలు వాటికన్నా బాగా మొలకెత్తాయని తేలింది. పోయినవాళ్ల ఉద్యోగం చుట్టాలకు ఇచ్చినట్లన్నమాట!

ఇంత కష్టపడి పెంచిన దీవికి 2020లో పెద్ద గండం వచ్చింది. జులై 25న ‘వకాషియో’ అనే జపాన్ కంపెనీ సరుకు నౌక దగ్గర్లోని పగడపు దిబ్బకెక్కింది. ఆగస్టు 6 నుంచి చమురు కారడం మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు సముద్రంలో కలిసింది. అప్పుడు దీవి జనం ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, పొడవాటి తెట్టుల్లా కుట్టి చమురుకు అడ్డం వేశారు. జుట్టు చమురును పీలుస్తుందని తెలిసి కత్తిరించి ఇచ్చారు. ఇల్ ఓ జెగ్రెత్ నర్సరీలోని అరుదైన మొక్కల్ని ఒడ్డుకు చేర్చారు. ఒకనాడు అడవిని మింగిన చెరకే ఆనాడు సముద్రానికి అడ్డుగోడైంది.

ఒంటరి చెట్టు, ఒక్కసారి పూసే చెట్టు

క్యూర్‌పిప్ బొటానికల్ గార్డెన్‌లో చుట్టూ ఇనుప చట్రంతో ఒక సన్నటి తాటి జాతి చెట్టు ఉంది. పెద్ద అందగత్తె ఏమీ కాదు. కానీ ప్రపంచంలో ఆ జాతికి తెలిసిన చెట్టు అదొక్కటే! దాని మగ పూలూ ఆడ పూలూ ఒకేసారి విచ్చుకోవు. కాబట్టి తనంతట తాను కాయ కాయలేదు. జతకు మరో చెట్టు లేదు. శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో ఎన్ని ప్రయత్నాలు చేసినా దాని సంతానం నేల మీద నిలబడలేదు. డోడో గురించి ఎన్ని పుస్తకాలు చదివినా రాని దిగులు ఆ చెట్టు ముందు నిలబడితే వస్తుంది.

ఉత్తరాన పాంప్లెమూస్ తోటలో మాత్రం దిగులుండదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి అధికారి పియేర్ ప్వావ్ర్ జాజికాయ, లవంగం లాంటి సుగంధ మొక్కల్ని తెప్పించి పెంచిన తోట ఇది. ఇప్పుడు మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ పేరుతో ఉంది. పళ్లేల్లా అంచులు పైకి లేచిన పెద్ద పెద్ద ఆకుల కలువల కొలను దగ్గర పిల్లలు కదలరు. ఆ కలువ మొదటి రోజు తెల్లగా పూసి, రెండో రోజుకి గులాబీ రంగుకు మారుతుంది.

తెలుగువాళ్లు వెతికి చూడాల్సిన చెట్టు ఇక్కడ ఇంకోటి ఉంది. అది శ్రీతాళం. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న తాళపత్రాల్లో మేలు రకం ఈ చెట్టు ఆకులే. దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒకే ఒక్కసారి తల మీద బ్రహ్మాండమైన పూలగుత్తి ఎత్తి, కాయలు కాసి చనిపోతుంది.

నీళ్లలో తోట

చివరగా సముద్రం. మారిషస్‌ను దాదాపు చుట్టూ పగడపు దిబ్బ కాపలా కాస్తుంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి. లోపల నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. ఆగ్నేయంలోని బ్లూ బే మెరైన్ పార్కులో అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కితే ఈత రానివాళ్లు కూడా పగడాలను, రంగు రంగుల చేపల్ని చూడొచ్చు. మనిషి మెదడు ఆకారంలో గుండ్రంగా పెరిగిన పగడాలు ఇక్కడ ప్రసిద్ధి. 2008లో దీన్ని రామ్‌సర్ జాబితాలో చేర్చారు. నీరు వేడెక్కిన ఏడాదల్లా పగడాలు తెల్లబోతున్నాయి. కాబట్టి వాటిని తొక్కకపోవడం, విరవకపోవడం అతిథుల కనీస ధర్మం.

పగడపు దిబ్బ లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే దక్షిణ కొసన గ్రీ గ్రీకి వెళ్లాలి. అక్కడ దిబ్బకు గండి ఉంది. సముద్రం నేరుగా నల్లరాతి గోడలకు ఢీకొని ఎగసి పడుతుంది. పక్కనే ‘ఏడ్చే రాయి’ ఉంది. కెరటం తగిలిన ప్రతిసారీ రాతి ముఖం మీంచి నీళ్లు ధారలు కడతాయి. ఇక్కడ స్నానానికి దిగకూడదు. గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

మారిషస్ అందమంతా మిగిలినదాని అందం. పోయినదాన్ని తెచ్చుకోలేమని డోడో చెబుతుంది. మిగిలినదాన్ని నిలబెట్టుకోవచ్చని గులాబీ పావురం చెబుతుంది. అక్కడి అడవిలో నడిచొచ్చిన పిల్లలకు మన బట్టమేక పిట్ట గురించి, మన కోరంగి మడ అడవుల గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

ఎప్పుడు... ఎలా?

* మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు ఎండాకాలమైతే వాళ్లకు చలికాలం మొదలు. మే నుంచి అక్టోబరు వరకు వాతావరణం చల్లగా, నడకకు హాయిగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు తుపాన్ల భయం ఎక్కువ. కొండ ప్రాంతంలో ఎప్పుడైనా చినుకు పడొచ్చు. గొడుగు, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి.

* ముంబై నుంచి విమానంలో ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. పర్యటనకు వెళ్లే భారతీయులు ముందుగా వీసా తీసుకోవాల్సిన పనిలేదు. తిరుగు టికెట్, బస వివరాలు చూపించాలి. బయల్దేరే ముందు తాజా నిబంధనలు ఓసారి చూసుకోవాలి.

* అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. వీధుల్లో వినిపించేది క్రియోల్, ఫ్రెంచి. ఇంగ్లిషుతో, కొంత హిందీతో పని జరిగిపోతుంది.

* నైరుతి కొండలు, షమరెల్, లె మోర్న్ ఒక రోజు. మహేబూర్, ఇల్ ఓ జెగ్రెత్, బ్లూ బే ఒక రోజు. క్యూర్‌పిప్, గంగా తలావ్, గ్రీ గ్రీ ఒక రోజు. పోర్ట్ లూయీ, పాంప్లెమూస్ ఒక రోజు. నాలుగు రోజులుంటే తొందరపడకుండా చూడొచ్చు.

* ఇల్ ఓ జెగ్రెత్‌కు ముందే బుక్ చేసుకోవాలి. ఎంత ముద్దొచ్చినా కోతులకు తిండి పెట్టొద్దు. విత్తనాలు, మొక్కలు వెంట తీసుకెళ్లొద్దు, అక్కడివి తీసుకురావద్దు. ఆ దీవికి జరిగిన నష్టంలో చాలా భాగం అలా వచ్చిందే!